భుజం మీది అంకె

గ్యాసు సిలిండర్లతో పనిచేసేవారు వాటి భాగాలకు మనిషి అవయవాల పేర్లే పెట్టుకొన్నారు. వాల్వు బిగించే చోటు మెడ. మెడ కింద వాలుగా దిగే భాగం భుజం. ఆ భుజం మీద పచ్చబొట్టు పొడిచినట్టుగా ఉక్కులోకి గుద్దిన కొన్ని అక్షరాలూ అంకెలూ ఉంటాయి. చేసినవాడి గుర్తు, వరుససంఖ్య, ఖాళీ బరువు, ఎన్ని లీటర్ల నీరు పడుతుందన్న కొలత, చివరిసారి పరీక్ష జరిపిన నెలా సంవత్సరమూ. వీటి మధ్య ఒక పీడనం. ఇంతవరకే నింపవలెను అని దాని అర్థం. పూసిన రంగు వెలుస్తుంది, అంటించిన చీటీ ఊడిపోతుంది, గుద్దిన అంకె మాత్రం ఆ సిలిండరు ఉన్నంతకాలం ఉంటుంది. ఇంత గట్టిగా రాసిన మాటను మనుషులు ఎంత సులువుగా దాటేస్తారన్నదే నేను చెప్పబోయే సంగతి.

వంటింటి సిలిండరు మీద కూడా ఇలాంటి రాత ఒకటి ఉంటుంది. పైన చేతిపట్టును మోసే పట్టీలలో ఒకదానికి లోపలివైపు ఏ, బీ, సీ, డీ అక్షరాలలో ఒకటి, దాని పక్కన రెండంకెల సంవత్సరం. ఏ అంటే మార్చి నెలాఖరు, బీ అంటే జూను, సీ అంటే సెప్టెంబరు, డీ అంటే డిసెంబరు. మళ్ళీ పరీక్ష చేయించవలసిన గడువు అది. చదువుతున్నవారు ఒక్కసారి లేచి వెళ్ళి చూసి వచ్చినా నాకు అభ్యంతరం లేదు, నేను ఇక్కడే ఉంటాను.

మా బందరువాళ్ళకు సముద్రమైతే ఉన్నది గానీ అందులో మునిగి చూడవలసినదేమీ లేదు. మంగినపూడిలో నల్లమట్టి అడుగు, చాలా దూరం నడిచినా లోతు రాని తీరం, కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రుతో నీళ్ళలో పెట్టిన చెయ్యి కనిపించదు. అందువల్ల స్క్యూబా అన్న మాట మా ఇంటికి సముద్రం మీదుగా కాక అమెరికా నుంచి విమానంలో వచ్చింది, మా అక్క కొడుకుతోపాటు. ఐదు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు గుదిగుచ్చి కట్టిన పేరు అది. ‘స్వయంసంపూర్ణ జలాంతర శ్వాసోపకరణము’ అని మనమూ ఒకటి తయారు చేసుకోవచ్చు గానీ, అది పూర్తిగా పలికేలోపు నీటిలో ఉన్నవాడి ఊపిరి కాస్తా అయిపోతుంది. 2018 సంక్రాంతికి వాడు ఈ విద్య గురించి చెబుతుంటే విన్న మా పెదనాన్న, “అంటే ఊపిరిబుడ్డి అన్నమాట” అన్నారు. సోడాబుడ్డికి తోడు ఊపిరిబుడ్డి. నిఘంటుకారులు మన్నిస్తే ఇకమీద నేను ఆ మాటే వాడతాను.

మావాడు గేన్స్‌విల్లో చదివేటప్పుడు అబ్బిన విద్య అది. ఉత్తర ఫ్లోరిడాలో నేల అడుగున అంతా సున్నపురాయి. జిన్నీ స్ప్రింగ్స్, హై స్ప్రింగ్స్ చుట్టుపక్కల ఆ రాతిలోంచి అద్దంలాంటి నీరు బుగ్గలుగా ఉబుకుతూంటుంది. బుగ్గ నోట్లోంచి లోపలికి దిగితే మైళ్ళకొద్దీ గుహలు. మామూలు ఈతగాడికి ఏదైనా ఆపద వస్తే పైకి లేవవచ్చు. గుహలో పైన ఉండేది రాయి. వచ్చిన దారినే వెనక్కి ఈదుకుంటూ రావాలి. అంతసేపూ ఊపిరి కావాలి. ముప్ఫై మీటర్ల లోతున చుట్టూ ఉన్న పీడనం నేల మీద కంటే నాలుగురెట్లు, కాబట్టి ఒక్కొక్క శ్వాసకూ బుడ్డిలోని గాలి నాలుగురెట్లు ఖర్చవుతుంది. గుహల్లో చనిపోయినవారి ప్రమాదాలను ఒక్కొక్కటే విప్పి చూసి షెక్ ఎక్స్‌లీ 1979లో ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులోని నియమాల్లో ఒకటి మూడోవంతు నియమం. గాలిలో మూడోవంతు లోపలికి పోవడానికి, మూడోవంతు తిరిగి రావడానికి, చివరి మూడోవంతు ముట్టుకోకుండా ఆపదకు. ఈ లెక్క తెలిసిన ప్రతివాడికీ బుడ్డిలో ఇంకొంచెం పడితే బాగుండునని అనిపించడం సహజం.

ఇప్పుడు అంకెలు చూద్దాం. మన కారు చక్రంలో గాలి చదరపు అంగుళానికి 30, 35 పౌండ్లు ఉంటుంది. ఎక్కువమంది వాడే అల్యూమినియం ఊపిరిబుడ్డి అంకె 3000. గుహల్లోకి పోయేవాళ్ళు ఇష్టపడేది ఇంకొక రకం, లావాటి ఉక్కు బుడ్డి. దాని భుజం మీద ఉండేది 2400. పరీక్షలో బాగా నెగ్గితే ఆ తేదీ పక్కన ఒక కూడిక గుర్తు గుద్దుతారు. అప్పుడు పదిశాతం ఎక్కువగా, అంటే 2640 దాకా పట్టవచ్చునని అమెరికా ప్రభుత్వపు రవాణాశాఖ నియమం. చట్టం చెప్పేది అక్కడికి సరి. కానీ ఆ ఊటబుగ్గల చుట్టూ దశాబ్దాలుగా నడుస్తున్న ఆచారం వేరు. 2640 దగ్గర ఆగవలసిన బుడ్డికి 3500, 3600 దాకా పట్టిస్తారు. దానికి ‘గుహ నింపుడు’ అనే అర్థం వచ్చే ముద్దుపేరు కూడా ఉన్నది. 104 ఘనపుటడుగుల బుడ్డిలో అప్పుడు దాదాపు 140 అడుగుల గాలి పడుతుంది. అలాంటివి రెండు వీపుకు కట్టుకొంటారు. వాల్వులో ఒక పలచని రాగిబిళ్ళ ఉంటుంది, పీడనం మితిమీరితే ముందుగా అది చిరిగి గాలి బయటికి పోయేటట్టు. ఎక్కువ పట్టించేవాళ్ళలో కొందరు ఆ బిళ్ళను తీసి మందమైనదాన్ని వేయిస్తారు. నాకు ఈ మొత్తంలో మనసుకు పట్టనిది ఇదే. అంకెను దాటడం ఒక ఎత్తు, దాటినప్పుడు అరిచే కాపలాదారు నోరు నొక్కడం ఒక ఎత్తు.

వాళ్ళ వాదనలో బలం లేదని అనను. ఆ ఉక్కు బుడ్డిని పరీక్షించేది పనిపీడనానికి మూడింట ఐదురెట్ల దగ్గర, అంటే 4000 దగ్గర. 3600 దానికి లోపే. ఉక్కుకు ఒక గుణం ఉన్నది, ఒక హద్దు లోపల ఎన్నిసార్లు లాగి వదిలినా అలసిపోదు. అల్యూమినియానికి ఆ హద్దు లేదు, ప్రతి నింపూ దాని ఆయువులోంచి కొంత తీసుకొంటుంది. అందుకే గుహగాళ్ళు కూడా అల్యూమినియం బుడ్డి జోలికి పోరు. 1980ల చివరిదాకా ఒకానొక అల్యూమినియం మిశ్రమంతో చేసిన బుడ్డీలకు మెడలో సన్నని బీట పుట్టే జబ్బు ఉండేది. అలా పగిలినవి ఎక్కువగా దుకాణాల్లో, నింపుతున్న సమయంలోనే పగిలాయి. చేతులు పోయినవారు నీటిలో ఈదినవారు కారు, నింపినవారు.

అక్కడి దుకాణదారుడి ఇరకాటం కూడా మనకు తెలియనిది కాదు. భుజం మీది అంకె దగ్గర ఆపేవాడు పిసినారి. దాటించేవాడు మంచివాడు, మనవాడు. వారాంతంలో రెండువందల మైళ్ళు కారు తోలుకొని వచ్చినవాడు ఎవరి దగ్గరికి పోతాడో వేరే చెప్పాలా?

ఇది వింటూ మా పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆయన మౌనం అర్థం కావాలంటే ఆయన వృత్తి తెలియాలి. 2023లో పోయారు. అంతకు ముందు గుడివాడలో, రైలుస్టేషనుకు పోయే దారిలో, ముప్ఫై ఏళ్ళకు పైగా సోడాలు పట్టారు.

గోళీసోడా తాగినవాళ్ళు చాలామందే ఉంటారు గానీ పట్టడం దగ్గరుండి చూసినవాళ్ళు తగ్గిపోయారు. ఆ సీసా పుట్టుక ఇంగ్లండులో, 1870లలో, హైరమ్ కాడ్ అనేవాడి బుర్రలోంచి. మూతకు బిరడా అక్కరలేదు, లోపలి గ్యాసే గోళీని మెడలోని రబ్బరు వాషరుకు అదిమిపెట్టి మూతగా చేస్తుంది. పట్టే యంత్రం ఒక పెట్టె. నీళ్ళు పోసిన సీసాలను అందులో పడుకోబెట్టి బిగించి, ఇనుప తలుపు మూసి, పక్కనున్న గ్యాసు సిలిండరు తిప్పి, చేతిచక్రం పట్టుకొని గిరగిర తిప్పాలి. సీసాలు తలకిందులై లేస్తూ ఉంటే గ్యాసు నీటిలోకి దిగుతుంది. ఆపినప్పుడు సీసా మూతి కిందికి ఉండాలి, అప్పుడే గోళీ జారి వాషరు మీద కూర్చుంటుంది. పెట్టె మీద ఒక గేజి, దానిమీద ఒక ఎర్రగీత. పెదనాన్న ఆ గేజి కంటే చేతిని ఎక్కువగా నమ్మేవారు. చక్రం బరువెక్కిన తీరులోనే గ్యాసు ఎంత దిగిందో తెలుస్తుందనేవారు.

సోడాకు గిరాకీ తెచ్చేది నీటి రుచి కాదు, నిమ్మకాయా కాదు. ముక్కుకు కొట్టాలి. కళ్ళవెంట నీళ్ళు రావాలి. “గ్యాసు గట్టిగా పట్టండి” అన్నది ఆ దుకాణం ముందు రోజుకు వందసార్లు వినబడే మాట. పెళ్ళిళ్ళకు, మాఘపున్నమికి హంసలదీవి స్నానాలకు, దివిసీమలోని కోడూరు, నాగాయలంక అంగళ్ళకు చెక్కపెట్టెల్లో సీసాలు పోయేవి. పోయి, ఖాళీగా తిరిగివచ్చేవి. ఈ తిరిగిరావడంలోనే ఉన్నది అసలు ప్రమాదం. పెట్టెల్లో ఒకదానికొకటి తగిలి సీసా పొట్ట మీద గీతలు పడతాయి. గాజు నొక్కితే చాలా ఓరుస్తుంది, లాగితే ఓర్వదు. లోపలినుంచి గ్యాసు తోస్తున్నప్పుడు గాజుకు జరిగేది లాగడమే. పైన ఒక్క సన్నని గీత ఉంటే ఆ లాగుడంతా గీత కొసన పోగవుతుంది. ఈ సంగతిని గ్రిఫిత్ అనే ఇంజనీరు 1921లో లెక్కగట్టి చూపాడు. పెదనాన్నకు గ్రిఫిత్ పేరు తెలియదు. తిరిగివచ్చిన ప్రతి సీసానూ వెలుతురుకు ఎదురుగా పెట్టి తిప్పి చూసి, బొటనవేలి గోటితో పొట్ట మీద రాసి, గోరు తట్టుకొన్న సీసాను పక్కన పడేసేవారు.

అయినా 1981 ఎండాకాలంలో ఒకటి తప్పించుకొన్నది. రోడ్డుకు అవతల వేపచెట్టు నీడలో నిలబడిన ఖాతాదారుడొకాయన “ఇంకో రెండు చుట్లు తిప్పించవయ్యా” అన్నాడట. తిప్పారు. తలుపు తీసి సీసా చేతిలోకి తీసుకొన్నప్పుడు అది పేలింది. పెదనాన్న ఎడమకన్ను పోయింది. చెట్టు నీడలోని ఆయన చొక్కా మీద నీటిచుక్క కూడా పడలేదు. ఆయన చెడ్డవాడేమీ కాదు, రిక్షా పిలిచి ఆసుపత్రికి తీసుకొని పోయినది ఆయనే. తరువాత పెదనాన్న ఎర్రగీత దగ్గర ఆపడం మొదలుపెట్టారు. రెండేళ్ళలో గిరాకీ సగమై, సగం పక్కవీధి దుకాణానికి పోయింది. ప్లాస్టిక్ సీసాలు వచ్చి రెండు దుకాణాలనూ మూయించాయి, అది వేరే కథ.

సంక్రాంతి నాటి సంభాషణకు వస్తాను. అప్పటికి పెదనాన్న అవనిగడ్డలో కూతురి దగ్గర ఉంటున్నారు. అరుగు మీద కూర్చున్నాం. మావాడు 3600 కథంతా ముగించాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది.

“అది పట్టేటప్పుడు పట్టేవాడు ఎక్కడ నిలబడతాడురా?”

“పక్కనే తాతయ్యా. వాల్వు తిప్పాలి గదా.”

“మరి నువ్వో?”

“నేను ఇవతల గదిలో ఉంటా.”

“ఆఁ.”

మావాడు ఊరుకోలేదు. వాడి మాటలో పొగరు లేదు, నిజంగానే ఒప్పించాలని చూశాడు. “దాన్ని 4000 దాకా పెట్టి పరీక్ష చేస్తారు తాతయ్యా. 3600 అంటే ఇంకా మిగులు ఉన్నట్టే.”

“ఆ మిగులు ఎవరిది?”

వాడికి ప్రశ్న అర్థం కాలేదు. నాకూ వెంటనే కాలేదు. పెదనాన్న నెమ్మదిగా చెప్పారు. “పైన రాసిందాకా నీది. దానికి డబ్బిచ్చావు. ఆ పైన ఉంచింది బుడ్డికి సొట్ట పడితే, లోపల తుప్పు పడితే, గేజి తప్పు చూపిస్తే అప్పటికని ఉంచింది. అది పట్టేవాడిది. నువ్వు వాడేసుకుంటే వాడికేం మిగుల్తుంది?”

“నీళ్ళ కింద నా ప్రాణం గదా తాతయ్యా.”

“అయితే పెద్ద బుడ్డి కొనుక్కో.”

పెద్ద బుడ్డి అన్నది నిజానికి సరైన జవాబే. 3442 అంకె గుద్దిన ఉక్కు బుడ్డీలు దొరుకుతాయి, ఆ అంకె దాకా నిస్సంకోచంగా నింపుకోవచ్చు. కానీ చేతిలో ఉన్న పాత బుడ్డితోనే ఆ పని అవుతుండగా కొత్తదానికి డబ్బు పోయడం ఎవరికి బుద్ధి పుడుతుంది?

మిగులు అంటే ఏమిటో ఆ పరీక్ష జరిగే తీరు చూస్తే బాగా తెలుస్తుంది. సిలిండరును గాలితో పరీక్షించరు, నీటితో పరీక్షిస్తారు. నీరు దాదాపుగా నలగదు. పరీక్షలో ఉక్కు చిరిగితే నీరు బొటబొట కారి ఊరుకొంటుంది. గాలి అలా కాదు. ఒక మామూలు అల్యూమినియం ఊపిరిబుడ్డిలో నొక్కిపెట్టి ఉన్న గాలికి ఒక కారును పది అంతస్తుల ఎత్తుకు లేపేంత శక్తి ఉంటుంది. అందుకని సిలిండరును నీళ్ళతో నింపి, నీళ్ళున్న ఇంకొక తొట్టిలో మూసిపెట్టి, లోపల పీడనం పెంచుతారు. సిలిండరు ఉబ్బుతుంది. ఉబ్బినంత మేర తొట్టిలోని నీరు సన్నని గొట్టంలోకి ఎక్కుతుంది, దానిని కొలుస్తారు. తరువాత పీడనం తీసేస్తారు. మంచి ఉక్కు మళ్ళీ వెనక్కి వస్తుంది. పూర్తిగా మాత్రం రాదు, పిసరంత ఉబ్బు ఉండిపోతుంది. ఉండిపోయినది మొత్తం ఉబ్బులో పదోవంతును మించితే ఆ సిలిండరు పనికిరాదని పక్కన పెడతారు. అమెరికాలోనూ మన దేశంలోనూ చాలా రకాల సిలిండర్లకు ఈ పరీక్ష ఐదేళ్ళకొకసారి. అంటే ఐదేళ్ళకొకసారి, కొద్ది క్షణాలపాటు, అనుభవజ్ఞుల ఎదుట, నీటితో చూడవలసిన పీడనానికి దగ్గరగా, ప్రతి శనివారం గాలితో పోతున్నారన్నమాట.

అంకెను దాటినట్టు కనిపించే ప్రతిదీ దాటడం కాదని కూడా చెప్పాలి, లేకపోతే నింపేవాళ్ళకు అన్యాయం చేసినవాడినవుతాను. పీడనం పక్కన వేడిమి చెప్పకపోతే అది సగం అంకె. అమెరికావారి లెక్క 70 ఫారన్‌హీటు, అంటే మన 21 డిగ్రీల దగ్గర. మన గ్యాసు సిలిండర్ల నియమాలు ప్రాణవాయువు వంటివాటికి 15 డిగ్రీలను ప్రమాణంగా తీసుకొన్నాయి. పుష్యమాసపు తెల్లవారుజామున కూడా బందరు 15 డిగ్రీలు చూడటం అరుదు. ఆ లెక్కన 150 నింపిన సిలిండరు మే నెలలో 45 డిగ్రీల ఎండలో 165 చూపిస్తుంది. ఎవరూ ఒక్క బుడగ కూడా ఎక్కువ పట్టలేదు, ఎండ పట్టింది. దీనికి తిరగేసినది ఇంకొకటి. గాలిని త్వరత్వరగా నొక్కితే వేడెక్కుతుంది. సిలిండరు చేతికి వెచ్చగా తగులుతుంది, గేజి నిండుగా చూపిస్తుంది. ఇంటికి తెచ్చేసరికి చల్లారి పది, పదిహేను తగ్గిపోతుంది. కొన్నవాడు మోసపోయాననుకొంటాడు. అందుకని తెలిసిన నింపువాడు నెమ్మదిగా నింపుతాడు, లేదా చల్లారాక సరిపోయేటట్టు కొద్దిగా పైకి తీసుకొని ఆపుతాడు. ఈ ‘కొద్దిగా’ శాస్త్రం. దీని చాటున దాక్కొనే ‘ఇంకొంచెం’ వేరు. బయటినుంచి చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

సోడాకు వాడే గ్యాసు దగ్గర ఇది ఇంకా చిత్రం. బొగ్గుపులుసు గాలి సిలిండరులో ద్రవంగా ఉంటుంది, కాబట్టి నింపవలసింది తూకాన్ని బట్టి గాని గేజిని బట్టి కాదు. సిలిండరు సగమున్నా ముప్పాతికున్నా గేజి ఒకటే చెబుతుంది. పైగా 31 డిగ్రీలు దాటితే ఆ గ్యాసుకు ద్రవమూ వాయువూ అన్న భేదమే పోతుంది, పీడనం ఎండతోపాటు నిటారుగా పెరుగుతుంది. మన డెల్టాలో ఏడాదిలో సగం పగళ్ళు 31 దాటినవే. తూకానికి మించి నింపిన సిలిండరు పొద్దున నీడలో బుద్ధిమంతుడిలా ఉండి మధ్యాహ్నం ఎండలో బిళ్ళ ఎగరగొడుతుంది. వంటగ్యాసును సందుల్లో చిన్న సిలిండర్లలోకి దొంగచాటుగా వంచేవాళ్ళు మరిచేది కూడా ఇదే. అక్కడా లోపల కొంత చోటు ఖాళీగా వదలాలి, వేడికి ద్రవం ఉబ్బేందుకు. కొనేవాడికి ఆ ఖాళీ నష్టంలా కనిపిస్తుంది.

ఇక 2021 మే. ఎవరికీ గుర్తు చెయ్యనక్కరలేదు. ఆ నెల 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ప్రాణవాయువు పీడనం పడిపోయి 11 మంది పోయిన వార్త విన్న వారంలోనే, అవనిగడ్డలో పెదనాన్న వేలికి పెట్టిన యంత్రం 88 చూపించింది. ఆసుపత్రుల్లో మంచాలు లేవు. తెలిసినవారి ద్వారా ఒక పెద్ద సిలిండరు దొరికింది, నల్లటి ఒళ్ళు, తెల్లటి భుజం. 46.7 లీటర్లది. 150 దాకా నింపితే ఏడు ఘనపు మీటర్లు, అంటే ఏడువేల లీటర్ల ప్రాణవాయువు. నిమిషానికి ఐదు లీటర్ల చొప్పున వదిలితే 23 గంటలకు పైగా. నేను బందరు నుంచి బండి తీసుకొని పోయి, పులిగడ్డ దాటి, సిలిండరు వేసుకొని, బెజవాడ దగ్గరి ఒక నింపుడు కేంద్రానికి చేరేసరికి రాత్రి పదకొండు.

వరుస రోడ్డు దాకా ఉన్నది. లోపల ఒక్కొక్క దఫాకు పదేసి సిలిండర్లను గొలుసుతో గోడకు కట్టి, అన్నిటినీ ఒకే గొట్టానికి తగిలిస్తున్నారు. నింపుతున్నవాడికి ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. వరుస మధ్యలో తిరుగుతూ ఒక్కొక్కదాని పొట్ట మీద అరచెయ్యి ఆనిస్తున్నాడు. వెచ్చగా ఉంటే గ్యాసు పోతున్నట్టు, చల్లగా ఉంటే వాల్వు తెరుచుకోలేదన్నట్టు. పెదనాన్న చక్రం మీద చెయ్యి వేసే తీరు గుర్తుకు వచ్చింది. సిలిండర్లు అన్నిరకాలవీ ఉన్నాయి. ఆ రోజుల్లో కొరత మూలంగా కర్మాగారాల్లో ఇతర గ్యాసులకు వాడే సిలిండర్లను కూడా శుభ్రం చేసి ప్రాణవాయువుకు వాడటానికి ప్రభుత్వం అనుమతించింది. కొన్నిటి భుజాల మీద కొత్త రంగు కింద పాత తేదీలు పూడిపోయి ఉన్నాయి.

నా ముందున్నాయన తల్లికోసం వచ్చాడు. రెండోరోజు వరుసలో నిలబడటం. గేజి 150కి రాగానే కుర్రవాడు ఆపబోతుంటే, “బాబూ, ఒక్క పది ఎక్కువ కొట్టు, నీకు పుణ్యముంటుంది” అన్నాడు. వెనకనుంచి ఇంకా ఇద్దరు అందుకున్నారు. నేను లెక్క వేసుకొన్నాను. పది ఎక్కువంటే 467 లీటర్లు. ఐదు లీటర్ల చొప్పున గంటన్నర. ఆ రాత్రి గంటన్నర ఊపిరి అంటే ఎంతో అక్కడ నిలబడిన ఎవరికీ చెప్పనక్కరలేదు. మా మేనల్లుడి వాదన నాకు మొదటిసారి పూర్తిగా అర్థమైంది ఆ వరుసలోనే. నీటి కింద నా ప్రాణం అన్నాడు వాడు. ఇక్కడ నీళ్ళు లేవు, అంతే.

కుర్రవాడు విసుక్కోలేదు. “మీ ఒక్కదానికి ఎక్కువ పెట్టడం కుదరదండీ. అన్నీ ఒకే గొట్టం మీదున్నాయి. మీకు పది ఎక్కితే పదింటికీ పది ఎక్కుద్ది. ఆ చివరిది ఎప్పటిదో, ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలవదు” అన్నాడు. చివరిదాని పక్కనే తన మంచినీళ్ళ సీసా పెట్టుకొని ఉన్నాడు.

ఆయన ఇక అడగలేదు. వాల్వు మూసి, గొట్టం విప్పి, కుర్రవాడు రెండు చేతులతో సిలిండరును అంచు మీద దొర్లిస్తూ బండి దాకా తెచ్చి ఇచ్చాడు. తరువాతి దఫాలో నాది.

తెల్లవారి నాలుగున్నరకు అవనిగడ్డ చేరాను. సిలిండరును మంచం పక్కకు చేర్చి, గోడకు తాడుతో కట్టాం. పెదనాన్న మగతగా ఉన్నారనుకొన్నాను, లేరు. చెయ్యి చాపి సిలిండరు భుజం తడిమారు. కంటికి ఆనని అంకెలను బొటనవేలి గోటితో చదువుతున్నట్టు రాశారు. పరీక్ష తేదీ ఏమిటని అడిగారు. టార్చి వేసి చూసి చెప్పాను, గడువు ఇంకా రెండేళ్ళు ఉన్నది. పగలు ఎండ కిటికీలోంచి దానిమీద పడుతుందనీ, తడిగోనె కప్పమనీ మా అక్కయ్యకు సైగ చేశారు. తరువాత నావైపు తిరిగి, “ఎంత పట్టాడు?” అన్నారు.

“150.”

“చల్లారాక?”

టార్చి గేజి మీదికి తిప్పాను. “140.”

తల ఊపి మాస్కు మళ్ళీ పెట్టుకొన్నారు.